ఇద్దరికీ ఒకటే ఆది

మా నారాయణఖేడ్‌లో రవిక కుట్టించుకోవాలంటే ఆడమనిషి దర్జీ ముందు నిలబడక్కర్లేదు. ఆమె పాత రవిక వెళితే చాలు. దాన్ని ఆది అంటారు. ఒంటికి సరిపోయిన రవికను కొత్త గుడ్డతో పాటు సంచిలో పెట్టి ఇచ్చి రావడమే. దర్జీ ఆదిని బల్ల మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కత్తెర ఆడిస్తాడు. మనిషి లావైందా, చిక్కిందా, చెయ్యి పైకి లేస్తుందా లేదా అని అడిగే దిక్కుండదు. పరాయి మగవాడు టేపు పట్టుకుని ఒంటి మీద చెయ్యి వేయకుండా మా అమ్మలు, అమ్మమ్మలు కనిపెట్టుకున్న ఉపాయం అది. దాన్ని నేను తప్పు పట్టను.

నా గొడవల్లా నాకంటూ ఒక ఆది లేకపోవడమే.

మేమిద్దరం ఆడపిల్లలం. అక్క అమ్మ పోలిక. గుండ్రటి భుజాలు, పొట్టి చేతులు, చూడగానే ముద్దొచ్చే మనిషి. నేను నాన్న పోలిక. బక్కగా, పొడుగ్గా, చేతులు మోకాళ్ల దాకా వేలాడుతుండేవి. దూలానికి కట్టిన తాళ్లలాగా ఉన్నాయని అమ్మే నవ్వేది. అయినా సరే, అమ్మ దర్జీ దగ్గరికి తీసుకెళ్లే సంచిలో గుడ్డలు రెండుండేవి, ఆది ఒకటే ఉండేది. అది అక్కది. "ఇద్దరికి గీ ఆదే చాల్తది" అని బల్ల మీద పెట్టేది. దర్జీ తల ఎత్తకుండానే సరే అనేవాడు. పాపం అతనికేం తెలుసు, నన్నెప్పుడు చూశాడని!

ఆ లెక్కన నా రవికలన్నీ భుజాల దగ్గర వదులు, చంకల్లో బిగుతు, చేతులేమో మోచేతికి ఆమడ దూరం. బడిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేదాన్ని కాదు. ఎత్తితే చంకలో కుట్టు పటుక్కుమనేది. ఇది అబద్ధం కాదు. నా పెళ్లి రవిక కూడా అక్క ఆదితోనే కుట్టించారు. చర్చిలో దండలు మార్చుకునే వేళ మా ఆయన మెడలో వేయడానికి రెండు చేతులూ ఎత్తాను. ఎడమ చంక పరపరా చినిగింది. తెల్ల రవిక, తెల్ల చీర, వెనుక ఊరంతా. చెయ్యి పక్కటెముకలకు అదుముకుని నిలబడ్డాను. ఆ రోజే పాస్టరయ్యగారికి వాక్యం పొడుగ్గా చెప్పాలనిపించింది. కొత్త పెళ్లికూతురు సిగ్గుతో ముడుచుకుపోయిందని అందరూ మురిసిపోయారు. సిగ్గూ లేదు, ఏమీ లేదు, ఆ పూట నాకు కావలసింది ఒక్క పిన్నీసు.

తర్వాత అమ్మతో అంటే, "చినిగితే ఏమైంది, పెండ్లైతె అయింది కదా" అంది.

అక్కను కన్నడం మాట్లాడే బీదర్ దగ్గర ఇచ్చారు. భూములున్న ఇల్లు. నేను బస్సు కండక్టరునయ్యాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. అక్క దగ్గర ఎందుకు ఉండదని ఎవరైనా అడిగితే, "దాని సంసారం దానికి మస్తున్నది, దాన్ని పరేషాన్ చేసుడెందుకు" అంటుంది. మరి నాకు సంసారం లేదా అని నేను అడగను. అడిగితే మూతి ముడుచుకుని పూటంతా అన్నం తినదు.

నాది ఎక్కువగా మొదటి బస్సు డ్యూటీ. తెల్లారకముందే డిపోకు చేరాలి. మనూర్ వైపో, సిర్గాపూర్ వైపో బస్సు పడుతుంది. చలికాలం వచ్చిందంటే మా ఖేడ్ వైపు గాలికి కనికరం ఉండదు. చేన్లన్నీ కోసేసి ఉంటాయి, అడ్డంగా ఒక చెట్టూ చేమా ఉండదు, గాలి తిన్నగా వచ్చి బస్సు తలుపులో నిలబడ్డ నన్నే వెతుక్కుంటుంది. ప్రయాణికులు దుప్పట్లలో ముడుచుకుని కూర్చుంటారు. టికెట్టు అడిగితే ముక్కు కూడా బయటపెట్టరు. ఆడవాళ్లకు ఉచితంగా జీరో టికెట్టు వచ్చాక జనం ఇంకా పెరిగారు. ఒక చేత్తో టికెట్టు మిషను, ఇంకో చెయ్యి పైన కడ్డీకి. కడ్డీ పట్టుకోవాలని చెయ్యి ఎత్తితే చాలు, ఏం తొడుక్కున్నా మోచేతి దాకా జారిపోతుంది. ఆ ఇనప కడ్డీని తెల్లవారుజామున పట్టుకున్న వాళ్లకే తెలుస్తుంది చలంటే ఏమిటో.

ఇక టికెట్టు డబ్బుల సంచి. ఇన్నేళ్లుగా ఎడమ భుజానికి వేలాడుతూనే ఉంది. అది నా భుజాన్ని కిందికి లాగేసింది. అద్దంలో చూసుకుంటే ఎడమ పక్క వాలిపోయి కనిపిస్తుంది. బజారులో దొరికే స్వెటర్లు ఆ పక్క జారిపోతాయి, చేతులు పొట్టి. కిందటి చలికాలం దగ్గుతో మంచం పట్టాను. దవాఖానలో డాక్టరమ్మ, "ఛాతీకి గాలి తగలనియ్యొద్దమ్మా, మళ్ల జబ్బు తిరగబెడితే మాటలు కాదు" అంది. బాగానే చెప్పింది. నేను బస్సు తలుపులో నిలబడే మనిషినని ఆమెకు చెబితే, "గట్లనా" అని ఇంకో గోలీ రాసింది.

అప్పుడే పంతం పట్టాను. నా కోటు నేనే కుట్టుకుంటాను. నా ఒంటికి, నా చేతులకు, నా వంకర భుజానికి సరిపోయే కోటు. బతుకులో ఒక్క బట్టయినా నా కొలతతో కోసింది తొడుక్కోవాలి.

ఇంట్లో మిషనుంది. చిరుగులు కుట్టడం, లంగాలు కుట్టడం వచ్చు. కోటు రాదు. ఫోనులో వెతికితే ఒక ఆమె కోట్లు, పైతొడుగులు కుట్టడం నేర్పుతోంది. నమూనా కాగితాలు కూడా ఇస్తుంది. వాటిని అచ్చు తీసి, పక్కపక్కన అతికించి, గీతల మీద కోసి, గుడ్డ మీద పెట్టుకోవాలి. జిరాక్సు దుకాణానికి వెళ్లి తీయించాను. ఆ గీతలు చూసి దుకాణం అతను, "ఏందక్కా గిది, ప్లాట్ల మ్యాపా? ఎక్కడ కొంటున్నవ్?" అన్నాడు.

"ప్లాటే. నా ఒంటి సైజు ప్లాటు" అన్నాను.

ఇంటికొచ్చి అన్నం మెతుకులతో కాగితాలు అతికించాను. గచ్చు మీద పరిస్తే మనిషంత నమూనా అయింది. చుక్కల గీత చిన్న సైజు, తెగిన గీత మధ్య సైజు, నిండు గీత పెద్ద సైజు. మూడిట్లోనూ నేను లేను. ఆ నమూనా గీసిన మనిషి ఎన్నడూ భుజానికి సంచి తగిలించుకుని ఉండదు. రెండు భుజాలూ తక్కెడ పళ్లాల్లాగా సమానంగా ఉన్నాయి. చేతుల పొడుగు పెంచడం తేలిక, కాగితం మధ్యలో కోసి ముక్క కలిపాను. భుజం మాట ఏం చేయాలి? వీడియోలో ఆమె చెప్పింది: వెనుక భుజం కొస నుంచి నడుము దాకా రెండు పక్కలా విడివిడిగా కొలవాలి, ఏ పక్క తక్కువుంటే ఆ పక్క నమూనాను అంత దించాలి. బాగుంది. నా వీపు నేనెలా కొలుచుకోను?

మా ఆయనను పిలిచాను. టేపు పట్టుకుని సంతలో గొడ్డును చూసినట్టు చుట్టూ తిరిగి, "ఎంత రాసుకోవాలె? అర గజం అటో ఇటో?" అన్నాడు. టేపు గుంజుకున్నాను.

అమ్మ గడపలో కూర్చుని బొంత కుడుతోంది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంతలు కుట్టడంలో ఆమెకు మంచి పేరుంది. "ఇటు రా" అంది. టేపు ఇస్తే పక్కన పడేసింది. "గా పురుగులసొంటి అంకెలు నాకు తెల్వయ్" అని బొంత దారం తీసింది. నన్ను అటు తిప్పి నిలబెట్టింది. కుడి భుజం కొస మీద దారం ఆనించి, నడుము దాకా లాగి, అక్కడ ముడి వేసింది. తర్వాత ఇంకో దారం ఎడమ వైపు. రెండూ కలిపి పట్టుకుని చూసింది.

"ఇదేందే, గీ దారం పొట్టిగైంది?" అంది. తన పొరపాటనుకుని ఎడమవైపు మళ్లీ తీసింది. మళ్లీ అంతే వచ్చింది.

తర్వాత ఆమె అరచెయ్యి నా ఎడమ భుజం మీద పడింది. "గా సంచే గుంజింది నీ భుజాన్ని" అంది. "ఇంత గుంజిందా బిడ్డా?"

నేను అటు తిరిగే ఉన్నాను కాబట్టి సరిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వీపును ఎవరైనా కొలవడం అదే మొదలు. అమ్మ వేళ్లు గరుకు, సూది పోట్లతో కాయలు కాశాయి. ఆ వేళ్లు ఎముక వెంట మెల్లగా దిగుతుంటే, ఇన్నాళ్లకు ఈ తల్లి నన్ను చూసిందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

బీదర్ వెళ్లి దళసరి ఉన్ని గుడ్డ తెచ్చాను. ఖాకీ పక్కన ఎబ్బెట్టుగా ఉండకూడదని మట్టిరంగు తీసుకున్నాను. లోపలి పొరకు నా మెత్తటి నూలు చీర. వారపు సెలవు వచ్చినప్పుడల్లా అదే పని. ముందు పాత దుప్పటి ముక్కలో కోసి, కచ్చా కుట్టు వేసి తొడుక్కుని చూసుకున్నాను. అందరూ గుడ్డను మడత పెట్టి కోస్తారు, ఒక కోతకు రెండు పక్కలూ వచ్చేస్తాయి. నాకు అలా కుదరదు. మడత పెడితే రెండు భుజాలూ ఒకటే అవుతాయి కదా. గుడ్డను ఒంటి పొరగా పరిచి, కుడి వేరు, ఎడమ వేరు కోశాను. సంచి పట్టీ ఒరుసుకునే చోట రెండో గుడ్డ వేసి దట్టంగా కుట్టాను. చేతులు మణికట్టు దాటేలా పెట్టాను, ఎందుకంటే కడ్డీ పట్టుకున్నప్పుడు జారినా మణికట్టు కనిపించకూడదు. అమ్మ పక్కనే కూర్చుని లోపలి పొరను బొంత కుట్టుతో పట్టింది. ఆ కుట్లు చిన్న చిన్నవి, బియ్యపు గింజలంత. పని చేస్తూ "మంచిగొస్తున్నదే" అని తనే రెండు మూడుసార్లు అంది.

తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. రెండు చేతులూ పైకెత్తాను. ఎక్కడా పటుక్కుమనలేదు. మళ్లీ ఎత్తాను. మా ఆయన చూసి ఎవరికి దండం పెడుతున్నావన్నాడు.

ఆ మర్నాడు మొదటి బస్సులో డ్రైవరు నన్ను చూసి, "అబ్బో! అక్కా, గీ కోటేసుకుంటే డిపో మేనేజరువని సెల్యూట్ కొడ్తరు అందరు" అన్నాడు. "నువ్వు కొట్టు ముందు" అన్నాను. గట్టిగా గాలి కొట్టింది ఆ పూట. నాకు తగల్లేదు. ఒళ్లు వెచ్చగా ఉంటే మనిషి నోరు కూడా మెత్తబడుతుందని అప్పుడే తెలిసింది. చిల్లర లేని ముసలాయన్ను కూడా కసురుకోలేదు. దగ్గు దగ్గరికి రాలేదు. ఏ కోటూ తొడుక్కోని వాళ్లకు ఇదంతా అతిగా అనిపిస్తుందేమో, అనిపించనీ.

క్రిస్మస్‌కు అక్క వచ్చింది. అమ్మ వారం ముందు నుంచే అరిసెలు, కారప్పూస. అక్కకు మంచం, అక్కకు మందపాటి బొంత. వచ్చిన రోజే నా కోటు చూసి, "నువ్వే కుట్టినవానే? ఏదీ" అని తడిమి చూసింది. నేను పొంగిపోయి లోపలి కుట్లు కూడా తిప్పి చూపించాను. పండుగ మర్నాడు మాత్రం మధ్యాహ్నం డ్యూటీ పడింది. ఎండ పూట కదా అని కోటు చిలక్కొయ్యకు తగిలించి వెళ్లాను. అక్క సాయంత్రం బస్సుకు వెళుతుందని తెలుసు, వెళ్లొస్తానక్కా అని చెప్పే వెళ్లాను.

ఇంటికొచ్చేసరికి చిలక్కొయ్య ఖాళీ.

"అమ్మా, కోటేది?"

"అక్క ఏసుకపోయింది."

"ఏసుకపోవుడేంది? ఎవరిచ్చిండ్రు?"

"నేనే ఇచ్చిన" అంది అమ్మ, బియ్యం ఏరుతూనే. "చలి పెడుతున్నదన్నది. బస్సుల కిటికీ పక్కన కూసుంటది. ఇయ్యకుంట ఎట్లుంటనే?"

"దానికి స్వెటర్లు లేవా? శాలువలు లేవా?"

"ఉంటయ్, గని ఇక్కడున్నయా? అయినా మంచిగ సరిపోయింది దానికి. మీ ఇద్దరిది ఒకటే ఆది కదా."

ఆ మాటకు ఒళ్లంతా భగ్గుమంది. చేతిలో సంచి నేలకేసి కొట్టాను. ఏమేమో అన్నాను. తిన్న ఇంటి వాసాలు లెక్క పెడుతున్నావని కూడా అన్నాను, కన్నతల్లిని. అమ్మ చేట పక్కన పెట్టి, "నడు, ఊకో, అక్కకిస్తే గింత లొల్లా?" అని లేచి వెళ్లింది. అంటే గయ్యాళిని నేనే అయ్యాను.

అక్కకు ఫోను చేశాను. నేను నోరు విప్పేలోపే, "ఏం మంచిగున్నదే చెల్లె! మా ఇంట్ల అందరు ఎక్కడ కొన్నవంటున్నరు" అంది.

"అక్కా, అది నేను డ్యూటీకి కుట్టుకున్న. నాకు దగ్గు లేస్తది. జల్దీ పంపియ్."

"హౌదా, గట్లనా? పంపుత తియ్. గీ పండుగలైతె కానియ్."

పండుగలయ్యాయి. కొత్త సంవత్సరం ఆరాధనా అయింది. కోటు రాలేదు. మొదటి బస్సుకు మళ్లీ పాత శాలువా చుట్టుకుని వెళ్లాను. కడ్డీ పట్టుకుంటే శాలువా జారుతుంది, శాలువా పట్టుకుంటే నేను జారతాను. దగ్గు మొదలైంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "కోటేదక్కా?" అన్నాడు. "ఉతికిన" అన్నాను. అడిగినప్పుడల్లా ఉతికానన్నాను. అన్నిసార్లు ఉతికితే ఏ కోటైనా చీకిపోతుంది, పాపం అతను మళ్లీ అడగలేదు.

ఒకనాడు పొద్దెక్కాక బస్టాండులో ఉన్నాను. బీదర్ నుంచి వచ్చిన బస్సు కండక్టరు ఒక కవరు తెచ్చిచ్చాడు. "మీ అక్క పంపిందట." పట్టుకోగానే తెలిసిపోయింది. ఆ బరువు, ఆ మెత్తదనం. నిజం చెబుతున్నాను, అక్క మీద ఉన్న కోపమంతా అక్కడికక్కడే కరిగిపోయింది. ఎంతైనా తోడబుట్టింది కదా, మాట నిలబెట్టుకుంది అనుకున్నాను. బస్సెక్కి నా సీట్లో కూర్చుని, కవరు చింపి, గబగబా తొడుక్కున్నాను.

చేతులు మోచేతికీ మణికట్టుకూ మధ్యలో ఆగిపోయాయి.

కోసేశారు. కోసి, మడిచి, చక్కగా మిషను మీద కుట్టేశారు. ఎడమ భుజం విప్పి, పైకి లేపి, లోపల దూది పెట్టి కుడి భుజానికి సమానం చేశారు. నా భుజం కింద ఉండిపోయింది, కోటు భుజం పైన నిలబడింది. రెంటికీ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ. సంచి పట్టీ కోసం నేను వేసిన దట్టపు గుడ్డను ఊడబెరికారు. అమ్మ వేసిన బియ్యపు గింజల కుట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

ఫోను మోగింది. అక్క.

"అందిందా చెల్లె? జర జాగ్రత్తగ పెట్టు, అది ఆది. గా ఆది పెట్టుకుని నీలం రంగుల ఇంకోటి కుట్టు నాకు. గుడ్డ నువ్వే తీస్కో, బీదర్ల నీకు తెలిసిన దుకాణం ఉన్నదన్నవ్ కదా. ఇగో, చేతులు మాత్రం గట్ల ఏలాడదియ్యకు. ఎడమ భుజం కూడ వంకర పోయింది, చూసుకున్నవా? ఇంక మంచిగ నేర్చుకోవాలె నువ్వు. మా దర్జీ చూసి నవ్విండు. ఆయనే సరి చేసిండు."

వంకర నా కుట్టుది కాదక్కా, నాది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. బస్సు నిండుతోంది, ఎవరో "కండక్టరమ్మా, మనూర్ పోతదా?" అని అరుస్తున్నారు. నా కోటు పంపింది, నా కోసం కాదు. అది ఇప్పుడు తన ఒంటి కొలత అయి వచ్చింది, ఇంకోటి కుట్టమని.

"ఆదులతోటి నేను కుట్టను" అన్నాను. "కొలతలు కావాలె."

"గదేంది? చాలు పో, నీ షోకులు" అని నవ్వింది. ఫోను పెట్టేశాను.

ఇంటికెళ్లి అలాగే, ఆ కోటుతోనే అమ్మ ముందు నిలబడ్డాను. చేతులు చాచి చూపించాను.

"చూడు. మంచిగ చూడు. గీ భుజం కొలిచింది నువ్వు. దారం పొట్టిగైందని మళ్ల తీసినవ్. ఇది అక్క ఒంటిది కాదని నీకు తెల్వదా?"

అమ్మ తల ఎత్తి చూసింది. ఆమె తెలియదంటే బాగుండేది. తెలియదంటుందనే నేను అనుకున్నాను. ముసలిది, మరిచిపోయింది అని సర్దుకునేదాన్ని.

"తెలుసు" అంది.

"తెలిసి ఇచ్చినవా?"

"చలికి కొలతలేంది బిడ్డా? నీకు చేతనైతది. ఇయ్యాల పోతే రేపు ఇంకోటి కుట్టుకుంటవ్. దానికేం చేతనైతదే? అడిగింది, ఇచ్చిన."

నాకు చేతనవుతుంది. చిన్నప్పటి నుంచి నా పాలికి వచ్చిన ఆస్తి ఆ మాటొక్కటే. నీకు చేతనైతది, నువ్వు బస్సెక్కు. నీకు చేతనైతది, అమ్మను నువ్వు చూసుకో. నీకు చేతనైతది, నీకెందుకు ఆది. ఏమీ చేతగానట్టు కూర్చుని ఉంటే నాకూ ఎవరైనా ఏమైనా ఇచ్చేవారేమో. కానీ ఆ పూట అరవలేదు, అరవడానికి దగ్గు అడ్డం వచ్చింది.

చాలా రోజులు అమ్మా నేనూ ముక్తసరిగానే మాట్లాడుకున్నాం. అన్నం పెట్టనా, పెట్టు. అంతే. ఆ కోటును పెట్టె అడుగున పడేశాను. మళ్లీ కుట్టుకోవాలంటే చెయ్యి రాలేదు. అమ్మ మాట నిజం చేసినట్టవుతుందని పంతం. చివరికి పంతం ఓడిపోయి దగ్గు గెలిచింది. చలి ఇంకా నెల ఉంటుంది, తలుపులో నిలబడేది నేనే. మళ్లీ బీదర్ వెళ్లాను. మట్టిరంగు అయిపోయిందన్నారు. ముదురు ఆకుపచ్చ తీసుకున్నాను.

వారపు సెలవు రోజు మధ్యాహ్నం. గచ్చు మీద గుడ్డను ఒంటి పొరగా పరిచాను. నమూనా కాగితాలు దాని మీద పెట్టాను, కుడి వేరు, ఎడమ వేరు. సుద్ద తీసుకుని వంగబోతుంటే వెనుక అలికిడైంది. అమ్మ. చేతిలో బొంత దారం.

"నిలబడు" అంది. "వీపు కొలత తీస్త."

"ఉన్నది కదమ్మా కొలత."

"మళ్ల తీస్త. నిలబడు."

నిలబడ్డాను. ఏం చెప్పను, మనసు కరిగి నీరైపోయింది. ఇన్నాళ్ల పట్టు, ఆ ముభావం, అన్నీ వదిలేశాను. దగ్గుతూ గడిపిన పొద్దులన్నీ ఆమె వింటూనే ఉంది కదా, లోపల కోసుకునే ఉంటుంది, నోటితో చెప్పలేక దారం పట్టుకొచ్చింది అనుకున్నాను. అమ్మ వేళ్లు కుడి భుజం మీద ఆగాయి. దారం నడుము దాకా దిగింది. ముడి పడింది. తర్వాత వేళ్లు ఎడమ భుజం మీదికి వచ్చాయి. అక్కడ కాసేపు నిలిచాయి.

"కొలతలు కావాలన్నవట కదా అక్కతోటి" అంది అమ్మ మెత్తగా. "అదేమో ఇప్పుడు రాలేనన్నది. ఇద్దరిది ఒకటే కదా, నీ మీద తీస్త. గీ గుడ్డల దానిది ముందు కోయి, నీది మళ్ల చూస్కుందువు."

నేను కదలలేదు.

"జర గీ భుజం లేపి నిలబడు బిడ్డా. అక్కకు గిట్ల వంగి లేదు."

ఊళ్లో ఎవరితోనైనా తగువుకు దిగుతాను నేను. బస్సు నిండా జనం ఉన్నా నోరు మూయించగలను. అమ్మ వేళ్లు ఇంకా నా వీపు మీదే ఉన్నాయి, వెచ్చగా.

భుజం లేపాను. ఆమె ముడి వేసేదాకా అలాగే లేపి పట్టుకున్నాను.